ఎలక్ట్రిక్ గిటారు ఇంటొనేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటొనేషన్ అంటే ఏమిటి? గిటారును శ్రుతి చేయడమూ ఇదీ ఒకటి కాదా?

కాదు. ఏ ఫ్రెట్టూ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నొక్కకుండా మీటిన ఖాళీ తీగ సరైన స్వరం పలికేలా బిగించడం శ్రుతి చేయడం. అదే తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కినా, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కినా ఆయా స్వరాలు సరిగ్గా పలికేలా తీగ పొడవును సవరించడం ఇంటొనేషన్. మొదటిది ట్యూనింగ్ పెగ్‌లతో చేసేది, రోజూ చేస్తాం. రెండోది బ్రిడ్జి మీద తీగ ఆనుకునే శాడిల్‌ను ముందుకో వెనక్కో జరిపి చేసేది, ఎప్పుడో గానీ అవసరం రాదు. ఖాళీ తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయని ట్యూనర్ చెబుతున్నా, నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర హాయిగా వినిపించిన కార్డ్‌లు (కలిపి మీటే స్వరాలు) పై ఫ్రెట్లలో పట్టగానే అపశ్రుతిగా వినిపిస్తుంటే అనుమానించాల్సింది ఇంటొనేషన్‌నే.

ఫ్రెట్లను లెక్క ప్రకారమే కదా బిగిస్తారు, మరి ఈ తేడా ఎందుకు వస్తుంది?

లెక్కలో తప్పు లేదు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి లెక్క ప్రకారం అంతే దూరం. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటారు స్కేల్ పొడవు (నట్ నుంచి బ్రిడ్జికి లెక్క ప్రకారం దూరం) 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. దాని పన్నెండో ఫ్రెట్ 324 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. తీగ పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది.

అయితే ఈ లెక్క వేసింది బిరుసు లేని, నొక్కినా సాగని ఊహా తీగకు. నిజం తీగను ఫ్రెట్‌కు ఆనించగానే కాస్త సాగుతుంది, బిగుతు పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది. పైగా ఉక్కు తీగ శాడిల్ అంచు దగ్గర కొసదాకా స్వేచ్ఛగా ఊగదు. ఆ కొద్ది భాగం బిర్రుగా ఉండిపోవడంతో కంపించే పొడవు తగ్గినట్టవుతుంది. ఈ రెండింటికీ విరుగుడుగా శాడిల్‌ను లెక్కకన్నా వెనక్కి, అంటే నెక్‌కు దూరంగా జరుపుతారు. సన్నని ఒకటో తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్లు సరిపోతాయి, లావుపాటి ఆరో తీగకు నాలుగైదు దాకా కావాలి. అందుకే సరిగ్గా అమర్చిన బ్రిడ్జి మీద శాడిళ్లు ఒకే వరుసలో కనిపించవు. అన్నీ తీరుగా వరుసలో ఉన్నాయంటే ఆ గిటారు ఇంటొనేషన్ ఎవరూ చూడలేదనుకోవచ్చు.

శాడిల్ స్క్రూ ముట్టుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

దాదాపు అన్నీ. సెటప్‌లో ఇంటొనేషన్ ఆఖరి పని. దీని తరువాత మరేది మార్చినా మళ్లీ మొదటికి రావాలి.

ముందు తీగలు. పాత తీగలకు చెమట, మురికి, తుప్పు పట్టి, ఫ్రెట్ల గాట్లు పడి, బరువు పొడవునా ఒకేలా ఉండదు. అలాంటి తీగకు శాడిల్‌ను ఎక్కడ పెట్టినా ఒక ఫ్రెట్ కుదిరితే ఇంకొకటి తప్పుతుంది. కాబట్టి మీరు ఎప్పుడూ వాడే మందంలోనే కొత్త తీగలు వేయండి. వేళ్లతో మెల్లగా పైకి లాగి సాగదీయండి, శ్రుతి చేయండి, మళ్లీ సాగదీయండి. శ్రుతి దిగడం ఆగేదాకా ఇదే. తొందరపడి ఈ మెట్టు దాటేసేవారే ఎక్కువ, ఆ తరువాత గంటసేపు స్క్రూలతో కుస్తీ పట్టేదీ వారే.

తరువాత నెక్ వంపు. ఒకటో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నింటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో ఫ్రెట్ల దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడండి. పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటే చాలా గిటార్లకు బాగుంటుంది. సరిచేయాల్సి వస్తే నెక్ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. ట్రస్ రాడ్‌తోనే ఇంటొనేషన్ సరిచేయవచ్చు కదా అని అడిగేవారు కూడా ఉన్నారు. కూడదు. అది ఉన్నది నెక్ వంపు కోసమే.

ఆ తరువాత యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. ఎత్తు పెరిగేకొద్దీ నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగుతుంది, స్వరం ఎక్కువ హెచ్చుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య చాలామందికి కుదురుతుంది. నట్ గాళ్ల లోతూ, పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలు) ఎత్తూ కూడా చూసుకోవాలి. వాటికి కింద వేరే ప్రశ్నలున్నాయి.

సరే, అన్నీ చూశాను. ఇప్పుడు ఎలా చేయాలి?

గిటారును బల్ల మీద పడుకోబెట్టి కాకుండా, వాయించే భంగిమలోనే పట్టుకోండి. పడుకోబెడితే నెక్ మీద భారం పడే తీరు మారుతుంది, ట్యూనర్‌లో ఒకటి రెండు సెంట్ల తేడా కనిపిస్తుంది (పక్కపక్క ఫ్రెట్ల స్వరాల మధ్య తేడా, అంటే సెమీటోన్‌లో, నూరో వంతు ఒక సెంటు). కేబుల్‌తో ట్యూనర్‌కు కలిపి, నెక్ పికప్ ఎంచుకుని, వాల్యూమ్ పూర్తిగా పెంచి, టోన్ నాబ్ బాగా తగ్గించండి. పై పౌనఃపున్యాలు తగ్గితే ముల్లు తొందరగా నిలుస్తుంది.

ఒక తీగ తీసుకోండి. పన్నెండో ఫ్రెట్ పట్టీకి సరిగ్గా పైన వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటి, వెంటనే వేలు తీయండి. గంటలా మోగేది హార్మోనిక్. ట్యూనర్‌లో అది సున్నా దగ్గర నిలిచేలా శ్రుతి చేయండి. ఇప్పుడు అదే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను మామూలుగా నొక్కి మీటండి. వేలు తీగను పక్కకు లాగకూడదు, మీరు వాయించేటప్పుడు పెట్టే ఒత్తిడికన్నా ఎక్కువ పెట్టకూడదు. మీటగానే స్వరం ఒక్క క్షణం హెచ్చి తరువాత కుదురుకుంటుంది. ఆ కుదురుకున్న అంకెనే లెక్కలోకి తీసుకోండి.

నొక్కిన స్వరం హార్మోనిక్‌కన్నా హెచ్చుగా ఉంటే తీగ పొట్టిగా ఉందన్నమాట. శాడిల్‌ను నెక్‌కు దూరంగా వెనక్కి జరపండి. తక్కువగా ఉంటే తీగ పొడవెక్కువ, శాడిల్‌ను నెక్ వైపు ముందుకు తీసుకురండి. జరిపే ముందు ఆ తీగను కాస్త వదులు చేయండి. బిగువు మీద తిప్పితే స్క్రూ తల చెడుతుంది, శాడిల్ అంచు తీగను గీరుతుంది.

జరిపాక మళ్లీ హార్మోనిక్ శ్రుతి చేయాలి, మళ్లీ నొక్కి చూడాలి. మధ్యలో శ్రుతి చేయకుండా రెండు అంకెలనూ పోల్చితే ఏమీ తేలదు. ఇంకొక చిన్న పని చాలామంది వదిలేస్తారు: శాడిల్ జరిపిన ప్రతిసారీ, దానికి కాస్త ముందు తీగను బొటనవేలితో మెల్లగా కిందికి అదమండి. శాడిల్ మీద తీగ వంపు తిరిగే చోటు మారింది కదా, కొత్త చోట అది గట్టిగా కూర్చోవాలి. కూర్చోకపోతే ఈరోజు సరిగ్గా వచ్చిన అంకె రేపటికి మారుతుంది.

స్క్రూ ఎంత తిప్పాలో ముందే అంచనా వేయవచ్చా?

వేయవచ్చు, చాలా తిప్పుడు తప్పుతుంది. ఒక సెమీటోన్‌కు 100 సెంట్లు. 648 మిల్లీమీటర్ల స్కేల్‌లో శాడిల్‌ను ఒక మిల్లీమీటరు జరిపి, మళ్లీ శ్రుతి చేస్తే, హార్మోనిక్‌కూ పన్నెండో ఫ్రెట్ స్వరానికీ మధ్య తేడా రెండున్నర సెంట్లకు పైగా మారుతుంది. కచ్చితంగా అయితే 2.67. కాబట్టి ముల్లు 5 సెంట్లు హెచ్చు చూపిస్తే శాడిల్ దాదాపు రెండు మిల్లీమీటర్లు వెనక్కి పోవాలి. చాలా బ్రిడ్జిల స్క్రూలు ఒక పూర్తి చుట్టుకు అర మిల్లీమీటరో, దానికి కాస్త ఎక్కువో జరుగుతాయి, అంటే మూడు నాలుగు చుట్లు. భయపడుతూ పావు చుట్టు, పావు చుట్టు తిప్పుతూ కూర్చోనక్కర లేదు.

తేడా పూర్తిగా సున్నా కావాలా?

అక్కర లేదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు సెంట్ల లోపు వస్తే ఆగిపోండి. మీ వేలి ఒత్తిడి ఒక మీటుకూ ఇంకో మీటుకూ అంతకన్నా ఎక్కువ మారుతుంది. ఆరో తీగ ఒక సెంటు తక్కువగా ఉన్నా మేలే, ఎందుకంటే గట్టిగా మీటినప్పుడు లావు తీగే ఎక్కువ హెచ్చుతుంది. రికార్డింగ్ చేసేవారు పన్నెండో ఫ్రెట్‌తో సరిపెట్టక ఐదో ఫ్రెట్‌నూ పదిహేడో ఫ్రెట్‌నూ కూడా పోల్చి చూసి, తాము ఎక్కువగా వాయించే చోటికి అనుకూలంగా రాజీ కుదుర్చుకుంటారు. అది మంచి అలవాటే.

ఫోను యాప్ సరిపోతుందా, ప్రత్యేక ట్యూనర్ కావాలా?

సెంట్లలో అంకె చూపే యాప్ అయితే నిశ్శబ్దంగా ఉన్న గదిలో పని నడుస్తుంది. పచ్చ దీపం, ఎర్ర దీపం మాత్రమే చూపేది పనికిరాదు. దాని పచ్చ రంగులో మూడు నాలుగు సెంట్లు దాక్కుంటాయి. స్ట్రోబ్ ట్యూనర్లు సెంటులో పదో వంతు తేడాను కూడా చూపిస్తాయి. ఒక్క గిటారు కోసం కొనమని చెప్పను, ఎవరిదైనా దొరికితే వదలకండి.

హార్మోనిక్ బదులు ఖాళీ తీగతో పోల్చవచ్చా?

నిరభ్యంతరంగా. హార్మోనిక్ ఒక స్థాయి పైన, నొక్కిన స్వరంతో సమానంగా పలుకుతుంది కాబట్టి చెవితో పోల్చేవారికి సులువు. ట్యూనర్‌తో చేసేవారికి రెండూ ఒకటే.

మూడో తీగ ఎప్పుడూ మొండికేస్తుంది. ఎందుకు?

అది చుట్టు లేని తీగల్లో అన్నింటికన్నా లావైనది కాబట్టి. బిరుసు తీగ మొత్తం లావును బట్టి కాక, లోపలి ఉక్కు కోర్ లావును బట్టి ఉంటుంది. నాలుగో తీగ చూడటానికి లావుగా ఉన్నా, పై చుట్టు బరువును పెంచుతుందే తప్ప బిరుసును అంతగా పెంచదు. దాని కోర్ సాధారణంగా మూడో తీగకన్నా సన్నం. అందుకే శాడిళ్లు రెండు మెట్ల వరుసల్లా కనిపిస్తాయి: ఒకటి, రెండు, మూడు క్రమంగా వెనక్కి పోతాయి, నాలుగో శాడిల్ ఒక్కసారిగా ముందుకు వస్తుంది, అక్కడి నుంచి ఐదు, ఆరు మళ్లీ వెనక్కి. చుట్టు ఉన్న మూడో తీగ వేస్తే ఈ గెంతు రెండుకూ మూడుకూ మధ్యకు మారుతుంది. చేసే ముందే ఈ ఆకారం మనసులో ఉంటే, ఏ శాడిలైనా వరుస తప్పి కనిపించినప్పుడు తీగ లోపమా, మన పొరపాటా అని అప్పుడే అనుమానం వస్తుంది. కొత్త తీగల్లోనూ లోపమున్నవి తగులుతాయి.

బ్రిడ్జి రకాన్ని బట్టి పద్ధతి మారుతుందా?

సూత్రం మారదు, చేతిపని మారుతుంది. స్ట్రాటోకాస్టర్ తరహా బ్రిడ్జిలో ఆరు తీగలకూ ఆరు శాడిళ్లు, వెనక వైపు నుంచి తిప్పే స్క్రూలు. గిబ్సన్ గిటార్ల ట్యూన్-ఓ-మాటిక్ కూడా ఆరు శాడిళ్లదే. విశేషమేమిటంటే స్ట్రాటోకాస్టర్ బజారులోకి వచ్చిందీ, ట్యూన్-ఓ-మాటిక్ లెస్ పాల్ కస్టమ్ మీద కనిపించిందీ ఒకే ఏడాది, 1954లో. ట్యూన్-ఓ-మాటిక్ స్క్రూలు పికప్ వైపు తిరిగి ఉంటే పికప్ మీద ఒక గుడ్డ కప్పండి, స్క్రూడ్రైవర్ జారితే గీత పడుతుంది.

పాత తరహా టెలికాస్టర్‌లో మూడే శాడిళ్లు, ఒక్కోదాని మీద రెండేసి తీగలు. అక్కడ రాజీ తప్పదు. జంటలో ఒకటి రెండు సెంట్లు హెచ్చుగా, రెండోది రెండు సెంట్లు తక్కువగా ఉండేలా తేడాను పంచాలి. మూడో తీగ వెనక్కి, నాలుగో తీగ ముందుకు కావాలంటాయి కాబట్టి నడిమి శాడిలే అసలు పేచీ. ఏటవాలుగా చెక్కిన శాడిళ్లు దొరుకుతాయి. ఆ గిటారు రూపం మీద మమకారం ఉన్నవారికి అవే మంచి మార్గం.

తీగలను నట్ దగ్గర కూడా తాళం వేసి పట్టే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఓపికను పరీక్షిస్తుంది. ముందు నట్ తాళాలు వదులు చేయాలి, తీగ బిగువు పూర్తిగా తీయాలి, శాడిల్‌ను పట్టి ఉంచే స్క్రూ వదిలించి చేత్తో జరపాలి, మళ్లీ బిగించి శ్రుతి చేసి చూడాలి. పైగా అది స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి, ఒక తీగ వదులు చేస్తే మిగతా అయిదూ హెచ్చుతాయి. వెనక కుహరంలో బ్రిడ్జి కదలకుండా చెక్కముక్క దూర్చి చేసుకుంటే సగం బాధ తప్పుతుంది. తేలే బ్రిడ్జి ఉన్న ఏ గిటారుకైనా ఇదే చిట్కా. పని ముగిసి చెక్కముక్క తీశాక బ్రిడ్జి అదే ఎత్తులో నిలుస్తోందో లేదో చూసుకోండి.

శాడిల్ చివరిదాకా వెళ్లిపోయింది, ఇంకా తేడా ఉంది. ఇప్పుడెలా?

ముందు తీగ మార్చి చూడండి. తేడా అలాగే ఉంటే యాక్షన్ మరీ ఎత్తుగా ఉందేమో చూడండి. అవి రెండూ సరిగ్గానే ఉంటే చోటు సంపాదించాలి. శాడిల్ వెనక స్ప్రింగు పూర్తిగా నలిగిపోయి అడ్డుపడుతుంటే దాన్ని కొంత కత్తిరించవచ్చు. ట్యూన్-ఓ-మాటిక్‌లో శాడిల్‌ను తీసి తిరగేసి పెడితే తీగ ఆనే అంచు అటువైపుకు మారి, ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. ఆరు తీగలకూ చోటు చాలకపోతే మాత్రం బ్రిడ్జిని బిగించిన చోటే తప్పు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా కొలిచి, దాన్ని రెట్టింపు చేసి, బ్రిడ్జి ఎక్కడ ఉండాలో సరిచూసుకోండి.

పన్నెండో ఫ్రెట్ బాగుంది. మొదటి మూడు ఫ్రెట్లలోనే హెచ్చుగా పలుకుతోంది. శాడిల్ ఇంకా వెనక్కి జరపనా?

వద్దు, అది నట్ దోషం. నట్ గాళ్లు లోతు చాలకపోతే మొదటి ఫ్రెట్ నొక్కడానికి తీగను చాలా దూరం దించాలి, అందుకే హెచ్చు. శాడిల్‌తో ఇది ఎందుకు సరికాదో అంకెల్లో చూడండి: శాడిల్‌ను ఒక మిల్లీమీటరు జరిపితే పన్నెండో ఫ్రెట్ దగ్గర 2.67 సెంట్లు మారుతుందన్నాం కదా, మొదటి ఫ్రెట్ దగ్గర మారేది సెంటులో ఆరో వంతు మాత్రమే. మొదటి ఫ్రెట్‌ను శాడిల్‌తో దారికి తేవాలంటే పై ఫ్రెట్లన్నింటినీ పాడుచేసుకోవాలి.

పరీక్ష సులువే. రెండో ఫ్రెట్‌కూ మూడో ఫ్రెట్‌కూ మధ్య తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుక మందంలో సందు కనిపిస్తే సరి. స్పష్టంగా వెలుతురు కనిపిస్తే గాడి లోతు చేయాలి, దానికి తీగ మందానికి సరిపోయే ఆకురాళ్లు కావాలి. ఒక్క రుద్దు ఎక్కువైతే ఖాళీ తీగ ఫ్రెట్‌కు తగిలి గీరుమంటుంది, నట్టే మార్చాల్సి వస్తుంది. చేయి తిరిగినవారికి అప్పగించదగ్గ పని ఇదొక్కటి.

ట్యూనర్ అన్నీ సరే అంటోంది, కార్డ్ మాత్రం చెవికి సరిగ్గా లేదు. నా గిటారు చెడ్డదా?

చాలావరకు కాదు. గిటారు ఫ్రెట్లు ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేస్తాయి. ఆ పంపకంలో మేజర్ థర్డ్ (నాలుగు ఫ్రెట్ల దూరంలోని స్వరం), చెవికి సహజంగా అనిపించే దానికన్నా దాదాపు 14 సెంట్లు హెచ్చు. ఫిఫ్త్ (ఏడు ఫ్రెట్ల దూరంలోని స్వరం) రెండు సెంట్లు తక్కువ. డిస్టార్షన్ పెట్టి మేజర్ కార్డ్ మీటితే ఆ 14 సెంట్లు గరగరలాడుతూ బయటపడతాయి, ఫిఫ్త్ ఒక్కటే ఉన్న పవర్ కార్డ్ మాత్రం నున్నగా వినిపిస్తుంది. ఆ కార్డ్ ఒక్కటి తీయగా ఉండాలని మూడో తీగను దించితే, తరువాతి కార్డ్‌లో అదే తీగ తగ్గి వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్ కింద పెట్టేయాల్సిన చోటు ఇది.

రెండో అనుమానితుడు మీ ఎడమచేయి. ఎత్తైన ఫ్రెట్లున్న గిటారులో వేలు గట్టిగా అదిమితే తీగ ఫ్రెట్ దాటి చెక్క వైపు దిగుతుంది, పది సెంట్లు కూడా హెచ్చవచ్చు. ట్యూనర్ పెట్టుకుని ఒకే స్వరాన్ని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి ముల్లును చూడండి.

ఒక తీగ ఐదో ఫ్రెట్ హార్మోనిక్‌కు పక్క తీగ ఏడో ఫ్రెట్ హార్మోనిక్‌ను కలిపి శ్రుతి చేస్తాను. అది సరైనదేనా?

వేగానికి మంచిదే, కచ్చితత్వానికి కాదు. ఏడో ఫ్రెట్ హార్మోనిక్ ఇచ్చేది సహజమైన ఫిఫ్త్. ఫ్రెట్ల ఫిఫ్త్ దానికన్నా రెండు సెంట్లు తక్కువ. ఆరో తీగ నుంచి మొదలుపెడితే ఐదో తీగ రెండు సెంట్లు, నాలుగోది నాలుగు, మూడోది ఆరు సెంట్లు దిగిపోతాయి. ఇంటొనేషన్ చూసేటప్పుడు ప్రతి తీగనూ విడిగా ట్యూనర్‌తోనే శ్రుతి చేయండి.

లావు తీగల మీద పై ఫ్రెట్లలో ముల్లు ఊగుతూనే ఉంది, ఒక్క తీగ నుంచి రెండు స్వరాలు వినిపిస్తున్నాయి.

పికప్ అయస్కాంతాలు తీగను లాగుతున్నాయి. స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ పికప్‌లలో, అందునా నెక్ పికప్‌లో ఇది ఎక్కువ. లావు తీగల వైపు పికప్‌ను రెండు మూడు చుట్లు దించి మళ్లీ వినండి. చాలాసార్లు శాడిల్ జోలికి పోకుండానే సమస్య తీరిపోతుంది.

ప్రత్యేకమైన నట్‌లు, వంకర ఫ్రెట్ల నెక్‌లు కొనవచ్చా?

ఇయర్వానా వంటి నట్‌లు ఒక్కో తీగ మొదలయ్యే చోటును కాస్త ముందుకు జరిపి మొదటి ఫ్రెట్ల హెచ్చును తగ్గిస్తాయి. స్వీడన్‌కు చెందిన ట్రూ టెంపరమెంట్ ఫ్రెట్లు తీగతీగకూ వంకర తిరిగి ఉంటాయి. రెండూ పనిచేస్తాయి. కానీ మామూలు నట్ గాళ్లు సరైన లోతులో ఉన్న గిటారు వాయించి చూడకుండా వీటికి ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

ఎంత తరచుగా చేయాలి?

తీగల మందం మారినప్పుడు, శ్రుతి దించినప్పుడు, యాక్షన్‌గానీ ట్రస్ రాడ్‌గానీ ముట్టుకున్నప్పుడు తప్పనిసరిగా. వాతావరణంలో తేమ బాగా మారితే నెక్ వంపు మారుతుంది, అప్పుడొకసారి చూసుకోవాలి. అదే కంపెనీ, అదే మందం తీగలు మార్చినప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకసారి సరిచూస్తే చాలు.

శ్రుతి దించి వాయించేవారికి ఒక మాట. వదులైన తీగ నొక్కినప్పుడు, మీటినప్పుడు మరింత హెచ్చుతుంది, శాడిల్ ఇంకా వెనక్కి పోవాల్సి వస్తుంది, ఒక్కోసారి చోటు చాలదు. దించిన శ్రుతికి తగ్గ లావు తీగలు వేస్తే బిగువు తిరిగి వస్తుంది. అయితే ఒకే గిటారును రెండు శ్రుతుల్లో వాయిస్తూ రెండింటికీ ఇంటొనేషన్ కుదరాలని కోరుకోకండి, ఎక్కువగా వాయించే దానికి అమర్చండి. మందం మార్చే ముందు బ్రిడ్జిని పైనుంచి ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, మళ్లీ పాత తీగలకు వచ్చినప్పుడు శాడిళ్లు ఎక్కడుండేవో వెతుక్కోనక్కర లేదు.